గోడకు పట్టిన నెమ్ము, ఊపిరికి పట్టిన నెమ్ము

(విజయవాడలో అపార్టుమెంటు నివాసుల సమావేశంలో ఒక ఊపిరితిత్తుల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

సంఘం అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, ఆదివారం పూట పనులు పక్కన పెట్టి వచ్చిన అమ్మలకూ అయ్యలకూ నా నమస్కారాలు.

విషయంలోకి వెళ్లేముందు మీరందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి, ఆ మూల గోడకు అంటించి ఉన్న ప్లాస్టిక్ షీటును చూడండి. నిన్న సాయంత్రం నేను అడిగితే మీ వాచ్‌మన్ గారు దాన్ని నాలుగు అంచులకూ టేపు వేసి, గాలి దూరకుండా అంటించారు. ఆ గోడ మీద నల్లటి మరకలు ఉన్నాయి. రెండేళ్లలో రెండుసార్లు రంగు వేయించినా అవి మళ్లీ వస్తున్నాయని కార్యదర్శి గారు చెప్పారు. ఆ షీటు మనకు ఒక సంగతి చెప్పబోతోంది. దాన్ని చివర్లో విప్పి చూద్దాం.

మన భాషలో నెమ్ము అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. గోడ నెమ్మెక్కింది అంటాం, పిల్లవాడికి నెమ్ము చేసింది అని కూడా అంటాం. గోడలో చేరిన చెమ్మనూ, రొమ్ములో చేరిన కఫాన్నీ మన పెద్దలు ఒకే మాటతో పిలిచారు. ఎందుకలా పిలిచారో నేను చెప్పలేను గానీ, ఊపిరితిత్తుల వైద్యురాలిగా ముప్ఫై ఏళ్లుగా ఈ ఊరి జనం దగ్గు వింటున్న నాకు, వానాకాలం వచ్చిందంటే ఆ రెండు నెమ్ములూ ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఈ కాలంలో ఎవరైనా పిల్లికూతలతో, రాత్రిపూట ఎక్కువయ్యే దగ్గుతో నా దగ్గరికి వస్తే, ఛాతీ చూడటానికి ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీరు పడుకునే గదిలో మంచం తలవైపు గోడ ఎలా ఉంది అని. చాలామంది ఆశ్చర్యపోతారు. కొంతమంది మాత్రం వెంటనే ఫోనులో ఫోటో తీసి చూపిస్తారు.

ఇంకో మాట దగ్గర మాత్రం మన భాష మనల్ని కొంచెం తికమక పెడుతుంది. సాలీడు అల్లిన గూడునూ బూజు అంటాం, ఆవకాయ మీద, రొట్టె మీద, గోడ మీద మొలిచే శిలీంధ్రాన్నీ బూజే అంటాం. పేరు ఒకటే కావడంతో మందు కూడా ఒకటే అనుకుంటాం. పండగ ముందు బూజుకర్ర తీసుకుని సాలెగూళ్లు దులిపినట్టే, గోడ మీది నల్లటి బూజును కూడా పొడిచీపురుతో బరబరా దులుపుతాం. మొదటిది దుమ్ము, దులిపితే పోతుంది. రెండోది ప్రాణమున్న జీవి, దులిపితే ఇల్లంతా పాకుతుంది.

ఆ జీవి బతుకు ఎలాంటిదో చూద్దాం. శిలీంధ్రం గోడ పైపొరలోకి సన్నని దారాల్లాంటి తంతువులు దించి, అక్కడ దొరికిన సేంద్రియ పదార్థాన్ని కరిగించుకుని తింటుంది. రంగులోని జిగురు, ప్లైవుడ్‌లోని కలప, ఫాల్స్ సీలింగు బోర్డు మీది కాగితం, గోడకు పట్టిన వంటింటి జిడ్డు, చివరకు మామూలు దుమ్ము కూడా దానికి తిండే. కడుపు నిండాక విత్తనాల్లాంటి సిద్ధబీజాలను గాలిలోకి వదులుతుంది. ఇళ్లలో తరచుగా కనిపించే ఆస్పర్జిల్లస్ జాతి సిద్ధబీజాలు 2 నుంచి 3.5 మైక్రాన్లు ఉంటాయి. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అని గుర్తు చేసుకుంటే అవెంత చిన్నవో తెలుస్తుంది. ముక్కులోని వడపోతను దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లగలిగేంత చిన్నవి అవి.

ఈ సిద్ధబీజాలు లేని ఇల్లు లేదు. ఈ క్షణంలో ఈ సభామందిరంలోనూ ఉన్నాయి, మీ ఇంటి ముందున్న వేపచెట్టు కింద ఇంకా ఎక్కువ ఉన్నాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపలేం. వాటికి కావలసిన వెచ్చదనం మన ఊళ్లో ఏడాది పొడవునా ఉంటుంది. తిండి గోడలోనే ఉంది. ఇక మిగిలింది నీరు, మన చేతిలో ఉన్నది అదొక్కటే. నీరు దొరక్కపోతే సిద్ధబీజం ఏళ్ల తరబడి గోడ మీద దుమ్ములా పడి ఉంటుంది. తడి తగిలిన చోట 24 నుంచి 48 గంటల్లో మొలవడం మొదలుపెడుతుంది. ఈ మధ్యాహ్నం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. గోడ మీది బూజు శుభ్రతకు సంబంధించిన సమస్య కాదు, నీటికి సంబంధించిన సమస్య. ఇల్లు ఎంత అద్దంలా ఉంచుకున్నా బూజు పడుతోందని నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న ఇల్లాళ్లు ఉన్నారు. అమ్మా, అది మీ చేతకానితనం కాదు. ఎక్కడి నుంచో నీళ్లు వస్తున్నాయి, అది ఎక్కడి నుంచో ఎవరూ వెతకలేదు, అంతే.

ఆ నీరు ఇంట్లోకి వచ్చే దారుల్లో పై నుంచి వచ్చేది అందరికీ తెలిసిందే. డాబా మీద పగుళ్లు, చెత్త పేరుకుని పూడిపోయిన వాన గొట్టాలు, పిట్టగోడకూ స్లాబుకూ మధ్య విచ్చిన కీలు, ఇవన్నీ మేస్త్రీ చూడగానే పట్టేస్తాడు. కింది నుంచి వచ్చేది ఇంకొకటి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక గోడ నేలలోని తేమను పైకి పీలుస్తుంది. పునాది మీద చెమ్మను అడ్డుకునే పొర (డీపీసీ) వేయని పాత ఇళ్లలో ఈ చెమ్మ నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఎక్కి, అక్కడ గీత గీసినట్టు ఆగుతుంది. ఆ గీత దగ్గర తెల్లటి పొడి తేలితే అది బూజు కాదు, చౌడు. నేలలోని, ఇటుకలోని లవణాలు నీటితో పాటు పైకొచ్చి, నీరు ఆవిరయ్యాక అక్కడ మిగిలిపోయాయన్నమాట. సందేహం ఉంటే ఒక నీటి చుక్క వేసి చూడండి. చౌడైతే కరుగుతుంది, బూజైతే కరగదు, మెత్తగా అణిగి అలాగే ఉంటుంది. అయితే చౌడు కనిపించిందంటే అక్కడ నీరు నడుస్తోందని అర్థం కనుక, నేడో రేపో బూజు కూడా వస్తుంది.

అపార్టుమెంట్లలో ఎక్కువ గొడవలు తెచ్చేది పైయింటి బాత్రూము. కింది ఇంటివారు పైవారిని అంటారు, పైవారు బిల్డరును అంటారు, బిల్డరు ఫోను ఎత్తడు. ఈలోగా కింది ఇంటి పడకగది పైకప్పు మీద నల్లటి వలయాలు పెరుగుతూ ఉంటాయి. ఎవరి తప్పో వాదించుకునే ముందు ఒక పరీక్ష చేయండి. పై బాత్రూములో నీళ్లు పోయే రంధ్రాన్ని బిగించి మూసి, రెండంగుళాల ఎత్తున రంగు కలిపిన నీళ్లు నింపి, ఒక రోజంతా వదిలేయండి. కింద రంగు కనిపిస్తే నేల పలకల సందుల నుంచో, మూలల నుంచో కారుతోందని తేలుతుంది. కనిపించకపోతే గోడలోని గొట్టాలను అనుమానించాలి. ఈ పరీక్షకు ఖర్చు పెద్దగా లేదు. పై ఇంటివారు ఒక రోజు బాత్రూము వదులుకోవడమే, ఆ మాత్రం ఇరుగుపొరుగు కోసం చేయవచ్చు.

ఇక గాలిలోంచి వచ్చే నీరు. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీన్ని మనం నీరుగా లెక్కపెట్టం. వంటగ్యాస్ మండినప్పుడు వేడితో పాటు నీటి ఆవిరి పుడుతుంది. కిలో గ్యాసుకు సుమారు కిలోన్నర నీరు వస్తుంది. అంటే మనం వాడే 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి, కుక్కరు ఆవిరి, చారు ఆవిరి కలపకుండానే, ఒక్క మంట నుంచే 20 లీటర్లకు పైగా నీరు వంటింటి గాలిలోకి చేరిందన్నమాట. రెండు బిందెలకు తగ్గదు. వాషింగ్ మెషిన్ నుంచి తీసిన ఒక విడత బట్టల్లో ఇంచుమించు రెండు లీటర్ల నీరు మిగిలి ఉంటుంది. వాన పడుతోందని వాటిని హాల్లో దండెం కట్టి, ఫ్యాను కింద ఆరబెడితే ఆ రెండు లీటర్లూ మన గోడల మధ్యే తిరుగుతాయి. ముగ్గురు నలుగురు తలుపులన్నీ మూసుకుని పడుకునే గదిలో వారి ఊపిరి నుంచి, చెమట నుంచి వచ్చే తేమ ఉండనే ఉంది.

ఆ ఆవిరి నీరుగా మారేది ఎక్కడ? చల్లటి నీళ్ల చెంబు బల్ల మీద పెడితే దాని ఒంటికి చెమట పట్టినట్టు నీటి చుక్కలు పడతాయి కదా, గోడ విషయంలో జరిగేదీ అదే. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోయగలదు. మిగిలినది దగ్గర్లో చల్లగా ఏది ఉంటే దాని మీద దిగుతుంది. చలిదేశాల్లో బయటి గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ లోపలివైపు తడుస్తుంది. మన కోస్తాలో వర్షాకాలంలో కథ తిరగబడుతుంది. బయటి గాలే నీటితో బరువెక్కి ఉంటుంది, చల్లటి వస్తువు మన ఏసీ గది. 28 డిగ్రీల వేడిలో తేమ 80 శాతం ఉన్న గాలి, సుమారు 24 డిగ్రీల ఉపరితలం తగిలితే చాలు, నీరు వదిలేస్తుంది. మీరు ఏసీని 18 దగ్గర పెట్టుకుని పడుకుంటే, ఆ గదికి ఆనుకుని ఉన్న పక్కగది గోడ, ఆ గోడకు కొట్టించిన చెక్క అలమర వెనుక భాగం రాత్రంతా ఆ చెంబులాగే చెమటలు కక్కుతాయి. ఏసీ ఉన్న గదిలో బూజు లేదు, పక్క గదిలో అలమరలోని పట్టుచీరలకు మాత్రం ముక్కిపోయిన వాసన వస్తోందని చాలామంది అంటారు. కారణం ఇదే. ఏసీని 25, 26 దగ్గర ఉంచుకుంటే కరెంటు బిల్లుతో పాటు ఈ బాధ కూడా తగ్గుతుంది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు ఈ నగరాన్ని ఎలా ముంచిందో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీరు తీశాక బురద ఎత్తి, నేల కడిగి, మళ్లీ ఇంట్లో పొయ్యి వెలిగించుకోవడానికి మనవాళ్లు పడిన కష్టం నేను కళ్లారా చూశాను. తర్వాతి వానాకాలంలో ఆ ప్రాంతం నుంచి ఒక తల్లి ఆరేళ్ల బాబును తీసుకువచ్చింది. రాత్రి రెండు గంటలకు దగ్గు మొదలై తెల్లవారే దాకా ఆగదు, పిల్లికూతలు, తెల్లవారాక వరుసగా తుమ్ములు. అమ్మమ్మగారి ఊరు వెళ్తే మూడో రోజుకల్లా తగ్గిపోతుంది, తిరిగి రాగానే మళ్లీ మొదలవుతుంది. ఆ చివరి మాట వినగానే నాకు సగం సంగతి అర్థమైంది. వారి ఇల్లు దగ్గరే కావడంతో ఒక సాయంత్రం వెళ్లి చూశాను.

గోడలు చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. వరద పోయిన మూడు నెలలకే, సంక్రాంతికి ఇల్లు కొత్తగా కనిపించాలని పుట్టీ పెట్టించి, లేత పసుపు ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించారు. బాబు మంచం పక్కన గోడ మీద మోకాలి ఎత్తులో రంగు బొబ్బల్లా పొంగి ఉంది. వాళ్ల నాన్నగారి అనుమతితో ఒక బొబ్బను వేలిగోటితో చీల్చాను. రంగు ప్లాస్టిక్ కవరులా సాగి ఊడింది. వెనుక పుట్టీ తడిపిండిలా వేలికి అంటింది, దాని మీద ఆకుపచ్చ నలుపు మచ్చలు ఉన్నాయి. వారం రోజులు నీటిలో నానిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపలి దాకా ఆరడానికి నెలలు పడుతుంది. అది ఆరకముందే, ఊపిరాడని రంగుతో దానికి మూత వేశారు. లోపలి నీరు బయటికి రాలేక, ఆ రంగు వెనుకే బూజుకు నీడా నీరూ ఇచ్చింది. ఆ తండ్రిది తప్పు అని నేను ఎలా అనగలను? వరదలో అన్నీ పోగొట్టుకున్న మనిషి పండక్కి పిల్లల ముందు ఇల్లు కళగా ఉండాలనుకున్నాడు. గోడ ఆరేదాకా ఆగమని అతనికి చెప్పవలసిన వాళ్లం మనం, ఎవరమూ చెప్పలేదు. ఆ గది గోడల రంగును నడుము ఎత్తు వరకు గీకించి, ఒక ఎండాకాలం అలాగే వదిలేసి, తర్వాత సున్నం వేయించాం. ఈలోగా బాబును ఆ గదిలో పడుకోనివ్వలేదు. ఉబ్బసం మందు ఇంకా వాడుతున్నాడు, కానీ రాత్రిళ్లు నిద్రపోతున్నాడు.

ఇక్కడ సున్నం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మన తాతల కాలంలో ఏటా పండక్కి ఇంటికి వెల్ల వేసేవారు. సున్నానికి క్షారగుణం ఎక్కువ, తాజా సున్నం మీద బూజు మొలవలేదు. పైగా ఆ పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. గాలి తగిలేకొద్దీ ఆ క్షారగుణం తగ్గిపోతుంది, ఏటా వేయడం అందువల్ల కూడా పనికొచ్చేది. పాతదంతా గొప్పదని నేను అనను, ఆ ఇళ్లలో చీకటీ పొగా కూడా ఉండేవి. కానీ చెమ్మ గోడకు ప్లాస్టిక్ రంగు కన్నా సున్నం మేలని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆరోగ్యం విషయంలో ఎంత భయపడాలో అంతే భయపడాలి, ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ అంశం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి నివేదికలు వెలువరించాయి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి ముక్కు, గొంతు సమస్యలు, దగ్గు, పిల్లికూతలు ఎక్కువగా వస్తాయని, ఉబ్బసం ఉన్నవారికి అది ముదురుతుందని ఆ రెండూ నిర్ధారించాయి. గాలిలో ఇన్ని సిద్ధబీజాలుంటే ప్రమాదం, ఇన్నుంటే కాదు అనే అంకె మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టలేదు. చెమ్మనే నివారించమంది. అందువల్ల మీ ఇంటి గాలిని పరీక్ష చేస్తామని వేల రూపాయలు అడిగేవారికి డబ్బు ఇవ్వకండి. కంటికి కనిపిస్తున్న, ముక్కుకు తెలుస్తున్న బూజుకు పరీక్ష అక్కరలేదు. ఆ డబ్బు ప్లంబరుకు ఇవ్వండి.

ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాలుడు చనిపోయాడు. అతనుండే ఫ్లాటులో ఏళ్ల తరబడి ఉన్న బూజు వల్లనే ఊపిరి జబ్బు ముదిరి మరణించాడని 2022 నవంబరులో అక్కడి మరణ విచారణాధికారి తేల్చారు. ఆ కుటుంబం 2017లోనే ఇంటి యజమాన్య సంస్థకు ఫిర్యాదు చేస్తే, దాని మీద రంగు వేసుకోమని చెప్పారట. ఆ మాట చదివినప్పుడు నాకు మన ఇళ్లే గుర్తొచ్చాయి. అక్కడ 2023లో సామాజిక గృహాల చట్టంలో ఆ బిడ్డ పేరుతోనే ఒక నిబంధన తెచ్చారు. చెమ్మ గురించి ఫిర్యాదు వస్తే యజమాని నిర్ణీత గడువులో విచారించి బాగు చేయాలి. ఇక్కడ ఇళ్లు అద్దెకిచ్చే పెద్దలు కూడా ఉన్నారు. కొత్తగా వచ్చేవారికి ఇల్లు చూపించే ముందు చెమ్మ మరకల మీద రంగు కొట్టించడం మంచిది కాదని మీకు చేతులు జోడించి చెబుతున్నాను. ఆ గదిలో పడుకోబోయేది ఎవరి బిడ్డో మనకు తెలియదు.

అరుదైనా మన దేశంలో తప్పక తెలుసుకోవలసిన జబ్బు ఒకటి ఉంది. ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్జిల్లస్ శిలీంధ్రానికి ఊపిరితిత్తులు తీవ్రమైన ఎలర్జీతో స్పందిస్తాయి. ఏబీపీఏ అని పిలిచే ఈ జబ్బును 1952లో ఇంగ్లండులో తొలిసారి వర్ణించారు. జిగట కఫం, కొన్నిసార్లు మట్టిరంగు ముద్దలు, అప్పుడప్పుడు రక్తపు జీర, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. ఇదంతా క్షయలాగే ఉంటుంది కాబట్టి, కఫంలో క్షయ క్రిములు లేకపోయినా నెలల తరబడి క్షయ మందులు మింగినవారిని నేను చూశాను. ఈ శిలీంధ్రం ఇంటి గోడల మీదే కాదు, బయటి మట్టిలో, కుళ్లిన ఆకుల్లో కూడా ఉంటుంది కనుక గోడ ఒక్కటే దోషి అనలేం. కానీ ఉబ్బసం మందులకు లొంగకుండా, క్షయ మందులకూ తగ్గకుండా ఉంటే, ఎలర్జీని పట్టిచ్చే ఐజీఈ రక్తపరీక్ష చేయించమని మీ వైద్యుణ్ణి అడగండి.

రెండు భయాలు తీర్చాలి. 2021లో కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ మనల్ని వణికించింది. కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రి దాని రోగులతో నిండిపోయింది. అప్పటి నుంచి గోడ మీద నల్లమచ్చ కనబడితే చాలు, ఇదే బ్లాక్ ఫంగసా అని ఫోన్లు వస్తున్నాయి. కాదు. ఆ జబ్బు తెచ్చేవి మ్యూకోరేల్స్ అనే వర్గానికి చెందిన వేరే శిలీంధ్రాలు, రోగి శరీర కణజాలం చచ్చి నల్లబడటం వల్ల ఆ పేరు వచ్చింది. అదుపులో లేని మధుమేహం, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఉన్నవారిలోనే అది ఎక్కువగా చెలరేగింది. రెండోది, స్టాకీబోట్రిస్ అనే నల్ల శిలీంధ్రం విషం చిమ్మి పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావం తెప్పించిందని 1990లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పెద్ద కలకలం రేగింది. తర్వాత 2000లో అక్కడి రోగ నియంత్రణ సంస్థ సీడీసీ మళ్లీ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని ప్రకటించింది. అందుకే బూజు రంగును బట్టి భయపడకండి. నల్లదైనా, ఆకుపచ్చదైనా, తెల్లదైనా తీసేయవలసిందే. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు దానివల్ల తుమ్ములు, ముక్కు దిబ్బడ మించి ఏమీ రాకపోవచ్చు. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు ఆ గదిలో ఉండకూడదు.

తీయడం ఎలాగో చెబుతాను. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చయితే మీరే తీయవచ్చు, అంతకు మించితే పనివారిని పిలవండి. ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఈ పని చేయకూడదు. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, లోపలి తలుపు మూసి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. ముందుగా మచ్చను నీళ్లతో తడపండి, పొడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో రుద్ది తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారేసి, గోడను పూర్తిగా ఆరబెట్టండి. బ్లీచింగ్ పోస్తే నలుపు తెల్లబడుతుంది కానీ, చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది కనుక దాన్ని తుడిచి తీసేయక తప్పదు. ఒకవేళ బ్లీచింగ్ వాడితే, దయచేసి, బాత్రూము కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బాత్రూము తలుపు మూసుకుని అలా కలిపి, ఊపిరాడక అత్యవసర విభాగానికి వచ్చినవారికి నేను వైద్యం చేశాను. తడిసి బూజు పట్టిన దూదిపరుపు, దిండు, ఉబ్బిన ప్లైవుడ్ బాగుపడవు. డబ్బు పోయినా వాటిని వదిలించుకోవడమే మంచిది.

వాసన పోవడానికి సాంబ్రాణి వేస్తారు, అలమరలో కలరా ఉండలు పెడతారు. సాంబ్రాణి పొగ వాసనను కప్పుతుంది తప్ప బూజును చంపదు, పిల్లికూతలు ఉన్న బిడ్డకు ఆ పొగ అదనపు బాధ. నాఫ్తలీన్ ఉండల ఆవిరి, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డల్లో ఎర్ర రక్తకణాలను చిట్లగొడుతుంది. ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కూడా. కాబట్టి బాలింతల బట్టలు, పసివాళ్ల బొంతలు ఉండే పెట్టెల్లో వాటిని వేయకండి.

రాకుండా చూసుకోవడం ఇంతకన్నా సులువు. బీరువాను, మంచాన్ని గోడకు బెత్తెడు ఎడంగా జరపండి, వెనుక గాలి ఆడాలి. వంట మొదలుపెట్టక ముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంటయ్యాక కూడా పావుగంట తిరగనివ్వండి. స్నానమయ్యాక బాత్రూము గోడల నీటిని వైపరుతో కిందికి లాగేస్తే, ఆ నీరు ఆవిరిగా మారి పడకగదిలోకి రాదు. వాన కురుస్తుండగా కిటికీలన్నీ బార్లా తెరిస్తే ఇల్లు ఆరదు, తడి గాలి లోపలికి వస్తుంది. ఎండ కాసిన మధ్యాహ్నం తెరవండి. తేమ కొలిచే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అది 60 శాతం లోపు చూపిస్తే నిశ్చింత, రోజుల తరబడి 70 దాటితే ఏసీని డ్రై మోడ్‌లో కాసేపు నడపండి. మన అమ్మలు వానల మధ్య ఎండపొడ కనిపించగానే పట్టుచీరలు మడతలు మార్చి, పరుపులు డాబా మీద వేసేవారు. అది చాదస్తం కాదు, ఇప్పటికీ చేయవలసిన పనే.

ఇక ఆ షీటు దగ్గరికి వెళదాం. దీని లోపలివైపు నీళ్లుంటే తేమ గోడలోంచి వస్తోందని, గదివైపు నీళ్లుంటే తేమ గాలిలోంచి దిగుతోందని అర్థం. వాచ్‌మన్ గారూ, టేపు ఊడదీయండి. చూడండి, బయటివైపు పొడిగా ఉంది. వెనుకవైపు, గోడను ఆనుకున్న వైపు, ఆవగింజలంత చుక్కలు వరుసగా ఉన్నాయి. కింది అంచున అవన్నీ కలిసి జారుతున్నాయి. ఈ గోడకు అవతల డాబా నుంచి దిగే వాన గొట్టం ఉంది, లోపలికి వస్తున్నప్పుడు దాని కీలు దగ్గర నాచు పట్టి ఉండటం గమనించాను. కార్యదర్శి గారూ, ఈసారి రంగులు వేసే మనిషిని పిలవకండి. ముందు ఆ గొట్టం మార్పించి, గోడను ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి నెలకోసారి ఇలాగే షీటు అంటించండి, చుక్కలు కనిపించని నెల వచ్చాక సున్నం వేయిద్దురు గాని. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ఫోటోలు తెచ్చినవారు ముందుకు రండి.